దురదకు కొలబద్ద ఏ భాషలో ఉండాలి?

జ్వరం ఎంత ఉన్నదో చెప్పడానికి థర్మామీటరు ఉన్నది. రక్తపుపోటుకు, రక్తంలోని చక్కెరకు, చివరికి చూపు మందగించడానికి కూడా ఏదో ఒక సాధనం వైద్యుని బల్లమీద సిద్ధంగా ఉంటుంది. దురదకు అట్టి సాధనం లేదు. ఇంత సామాన్యమైన బాధకు ఇంతవరకు ఒక యంత్రం పుట్టకపోవడం వింతగా తోచవచ్చును గాని, కాస్త ఆలోచిస్తే అందులో వింత ఏమీ లేదు. 1660లో సామ్యూల్ హాఫెన్‌రెఫర్ అనే జర్మను వైద్యుడు దురదను నిర్వచిస్తూ, గోకుకోవాలన్న కోరికను పుట్టించే అప్రియమైన అనుభూతి అని వ్రాశాడు. మూడున్నర శతాబ్దాలు గడచినా చర్మవైద్య గ్రంథాలు నేటికీ ఆ నిర్వచనాన్నే ఎత్తి చూపుతున్నాయి. అందులోని కోరిక, అనుభూతి అనే రెండు మాటలూ మనస్సుకు చెందినవే. వాటికి సాక్షి రోగి ఒక్కడే. అతని మాట తప్ప వైద్యునికి వేరే ఆధారం లేదు.

మాటే ఆధారమైనప్పుడు, ఆ మాటను గురించి నాలుగు ముక్కలు చెప్పే అధికారం భాష బోధించేవారికి కూడా కొంత ఉంటుందని నమ్మి ఈ వ్యాసానికి పూనుకొన్నాను. వైద్యం నా విషయం కాదు. రోగి నోట వచ్చే తెలుగు, ఉర్దూ మాటలు మాత్రం నా విషయమే.

దోమ కరచినప్పుడు పుట్టి గంటలో చల్లారే దురదను గురించి కాదు నేను ప్రస్తావించేది. ఆరు వారాలకు మించి నిలిచిన దురదను వైద్యులు దీర్ఘకాలికమైనదిగా పరిగణిస్తారు. ఎగ్జిమా, సోరియాసిస్, మానక తిరగబెట్టే తామర, మూత్రపిండాలు చెడి డయాలిసిస్ మీద బ్రతికేవారి దురద ఈ కోవలోకి వస్తాయి. ఏళ్ళ తరబడి నిండు నిద్ర ఎరుగనివారు వీరిలో ఉన్నారు.

వీరి బాధను కొలవడానికి ఐరోపా, అమెరికా ఖండాలలో జరిగిన ప్రయత్నాలు తక్కువవి కావు. చర్మం ఎంతమేర ఎర్రబడింది, ఎంత మందమెక్కింది అని లెక్కించే పద్ధతులు వచ్చాయి. నిద్రలో చేయి ఎన్నిమార్లు కదలిందో నమోదుచేసే గడియారం వంటి పరికరాన్ని మణికట్టుకు కట్టి చూశారు. అయితే అది లెక్కించేది గోకుడును, దురదను కాదు. నిగ్రహం గలవాడు గోకుకోకుండా రాత్రంతా పళ్ళు బిగించి పడుకొంటే, ఆ పరికరం అతనికి బాధ లేదనే చెబుతుంది. 1994లో కార్డిఫ్ నగరంలో ఫిన్లే, ఖాన్ అనే ఇద్దరు కలిసి చర్మరోగుల జీవనస్థితిని తెలుసుకొనేందుకు పది ప్రశ్నల పత్రం తయారుచేశారు. గడచిన వారంలో ఈ వ్యాధి మీ దుస్తులమీద, చదువుమీద, పనిమీద, స్నేహాలమీద ఎంత ప్రభావం చూపింది అని అడిగే ఆ పత్రం నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. మొత్తం మార్కులు 30. అందులో దురదకు దక్కినది ఒక్క ప్రశ్నలో ఒక పాలు మాత్రమే. మంట, నొప్పి, చురుకు కూడా ఆ ప్రశ్నలోనే సర్దుకొన్నాయి. 2010లో వచ్చిన మరొక పత్రం పూర్తిగా దురదకే సంబంధించినది. రోజుకు ఎన్ని గంటలు, ఎంత తీవ్రంగా, పెరుగుతున్నదా తగ్గుతున్నదా, ఏ పనులకు అడ్డు, దేహంలో ఎక్కడెక్కడ అని ఐదు వైపుల నుంచి అడిగి, 5 మొదలు 25 వరకు మార్కులు వేస్తుంది.

ఇవన్నీ దురద ఎంత, దానివల్ల నష్టమెంత అని అడుగుతాయి. దురద పుట్టినప్పుడు నీ మనస్సులో ఏ తలపు మెదలుతుంది అని అడగవు.

ఆ ప్రశ్నను శ్రద్ధగా అడిగినవారు జర్మనీ పరిశోధకులు. ఆంకె ఎలర్స్, ఉల్రిష్ స్టాంగియర్, ఉవె గీలర్ మొదలైనవారు 1993లో ఇరవై వాక్యాల ప్రశ్నావళి ఒకటి ప్రకటించారు. దురద పుట్టినప్పుడు ఇట్టి తలపు నీకు ఎంత తరచుగా వస్తుందని రోగిని అడిగి, ఎన్నడూ రాదంటే సున్న, ఎప్పుడూ వస్తుందంటే నాలుగు, మధ్యవాటికి మధ్య అంకెలు వేసుకొంటూ పోతారు. వాక్యాలు రెండు జాతులు. ఒక జాతివి నిస్సహాయతను తెలిపేవి. ఇది ఇక తగ్గేది కాదు, నా వశంలో ఏమీ లేదు అన్న ధోరణి వాటిది. రెండవ జాతివి తట్టుకోవడాన్ని తెలిపేవి. కాసేపటికి నెమ్మదిస్తుంది, అంతవరకు చేతికి వేరే పని చెబుదాం అన్న ధోరణి వీటిది. ధోరణిని మాత్రమే నేను ఇక్కడ తెలుపుతున్నాను గాని వారి వాక్యాలను అనువదించడం లేదు. ఆ అనువాదంలోని చిక్కే ఈ వ్యాసానికి ముఖ్య విషయం కాబట్టి దానిని కొంచెం ఆగి ప్రస్తావిస్తాను.

తలపుకు ఇంత ప్రాధాన్యమెందుకని సందేహం కలుగవచ్చును. అదే గీలర్, ఆయన సహచరులు గీసెన్ నగరంలో దురదను గురించి ఒక బహిరంగ ఉపన్యాసం ఏర్పాటుచేశారు. ఉపన్యాసంలో ఒక భాగాన తెరమీద పురుగులు, గోళ్ళతో చీరుకొన్న చర్మం బొమ్మలు చూపారు. మరొక భాగాన మెత్తని పసిపిల్లల చర్మం వంటి హాయి గొలిపే బొమ్మలు చూపారు. సభికులను కెమెరాలు గమనిస్తూనే ఉన్నాయి. మొదటి రకం బొమ్మల వేళ సభలో గోకుడు పెరిగింది. ఎవరి ఒంటిమీదా ఒక్క పురుగు వాలలేదు. 2000లో ఆ సంగతి అచ్చయింది. ఈ పేరా చదువుతున్నవారిలో కొందరి చేయి ఈపాటికి మెడమీదికి పోయి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

రోగి విషయంలో ఇది మరింత లోతుకు పోతుంది. దురద పుడుతుంది, గోకుకొంటాడు, చర్మం చిట్లుతుంది, చిట్లిన చర్మం మరింత దురద పెడుతుంది. ఈ గానుగ తిరుగుడులో “ఇక నా పని అయిపోయింది” అన్న తలపు చేరితే గోకుడుకు ఉన్న ఆ కాస్త కళ్ళెం కూడా తెగిపోతుంది. గోరంతను కొండంత చేసుకొనే మనస్సు నిజంగానే గోటితో కొండంత గాయం చేసుకొంటుంది. ఎలర్స్ బృందం 1995లో ప్రకటించిన మరొక అధ్యయనంలో ఎగ్జిమా రోగులను కొన్ని జట్లుగా విభజించారు. కొందరికి వ్యాధిని గురించిన పాఠాలు చెప్పారు. కొందరికి దేహాన్ని సడలించే అభ్యాసం నేర్పారు. కొందరికి దురద వేళ వచ్చే తలపులను గుర్తించి, మార్చుకొని, గోకుడు అలవాటును తప్పించుకొనే శిక్షణ ఇచ్చారు. ఇంకొక జట్టుకు పాఠాలూ శిక్షణా కలిపి ఇచ్చారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిని పోలిక కోసం పరిశీలించారు. ఏడాది తరువాత చూస్తే, మనస్సుకు శిక్షణ పొందిన జట్ల చర్మం తక్కినవారి కంటె బాగుపడింది; వారు వాడిన స్టీరాయిడు పూత మందు కూడా తగ్గింది. పాఠాలు మాత్రమే విన్నవారికి ఆ మేలు అంతగా దక్కలేదన్న సంగతి బోధనావృత్తిలో ఉన్న మాబోటివారు కొంచెం నొచ్చుకొంటూ గమనించవలసి ఉన్నది.

ఇక్కడ ఒక అపార్థాన్ని వెంటనే తొలగించాలి. తలపులను కొలుస్తారు అనగానే, “అంటే ఇదంతా మనోభ్రాంతి అన్నమాట” అని తీర్పు చెప్పేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. మన కంచెలమీద ప్రాకే దూలగొండి వారికి తగిన సమాధానం. దాని కాయమీది నూగు తగిలితే ఎంతటి స్థితప్రజ్ఞుడైనా గోకుకోవలసిందే. 1955లో అమెరికాలో షెల్లీ, ఆర్థర్ అనే పరిశోధకులు ఆ నూగులో ఉన్న ఒక ప్రోటీనును దురదకు కారణంగా గుర్తించి, మొక్క శాస్త్రీయనామం మీదుగానే దానికి మ్యూకునైన్ అని పేరుపెట్టారు. 1997లో మనిషి చర్మంలో దురదకు ప్రత్యేకించిన సన్నని నరాలను గుర్తించారు. కాబట్టి దురద నరంలో నిజం. తలపు దానిని పుట్టించక్కరలేదు; పెంచగలదు, తుంచగలదు. తలపును కొలవడమంటే రోగిని అనుమానించడం కాదు.

రోగి మాటను నమ్మడమన్నది ఈనాటి విజ్ఞానం కొత్తగా కనిపెట్టినదీ కాదు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, జుబైర్ అనే ఇద్దరు సహాబీలు దురదతో బాధపడగా, పురుషులకు నిషిద్ధమైన పట్టు వస్త్రం ధరించడానికి ప్రవక్త వారికి అనుమతి ఇచ్చిన వృత్తాంతం సహీహ్ బుఖారీలోను, సహీహ్ ముస్లింలోను ఉన్నది. బాధపడేవాని ఒంటికి ఏది హితమో అది చూడడం జరిగింది. నీ దురద నిజమా అని నిలదీయడం ఆ వృత్తాంతంలో కనబడదు.

ఇప్పుడు మన భాషల సంగతికి వస్తాను.

దురదకు తెలుగులో ఉన్నన్ని మాటలు తక్కువ బాధలకు ఉన్నాయి. దురద, నవ, తీట, జిల, దూల, గులగుల. సంస్కృతం నుంచి తెచ్చుకొన్న కండూతి. రోగాల పేర్లుగా గజ్జి, చిడుము, తామర. ఇంత సంపద ఉన్నందుకు సంతోషించబోయేవారు ఆ మాటలు వాడుకలో ఎక్కడ తిరుగుతున్నాయో ఒకసారి చూడాలి. అనరానిది అన్నవానికి “నోటి దూల”. దెబ్బలు తిన్నవానికి “తీట తీరింది”. పేరు కోసం ప్రాకులాడేవానికి “కీర్తి కండూతి”. కులపక్షపాతాన్ని నిందించాలంటే “కులగజ్జి”. వీధిలో ఎవరినైనా ఈసడించాలంటే “గజ్జికుక్క”. ఉర్దూలోని ఖుజ్లీ కూడా ఈ గతి తప్పించుకోలేదు. ఊరకుండలేనివానికి ఖుజ్లీ ఎక్కువ అంటారు. నొప్పికి ఈ దుర్గతి పట్టలేదు. గుండెనొప్పి, తలనొప్పి అన్న మాటలు జాలిని పుట్టిస్తాయి. తలనొప్పి మహా అయితే చిరాకుకు పేరవుతుంది గాని నీచత్వానికి పేరు కాదు. ఒక్క తామరకు మాత్రం పద్మమన్న అర్థం కూడా ఉండి కొంత గౌరవం మిగిలింది. అదీ రోగికి ఒరగబెట్టినది ఏమీ లేదు.

కాబట్టి మన రోగి డాక్టరు ఎదుట నోరు విప్పేసరికే ఆ బాధకు పెట్టిన పేరు అతనిని కించపరచి ఉంటుంది. మురికివాడనీ, కామాతురుడనీ, దుడుకువాడనీ పలికే మాటలతోనే అతడు తన బాధను చెప్పుకోవాలి. అందువల్ల తగ్గించి చెబుతాడు. మా ఖాలా ఒకరికి రెండు చేతులమీద ఏళ్ళ తరబడి ఎగ్జిమా ఉండేది. ఆస్పత్రిలో తెలుగు డాక్టరు అడిగితే ఆమె చెప్పేది మూడు మాటలు, “కొంచెం దురద, సారూ”. ఇంటికి వచ్చి మా అమ్మతో ఉర్దూలో మొదలుపెడితే అరగంట. వజూ చేసేటప్పుడు నీళ్ళు తగిలితే ఎట్లా చురుక్కుమంటుందో, రాత్రి చేతులకు గుడ్డలు చుట్టుకొని ఎట్లా పడుకొంటుందో చెప్పేది. అన్నిటికంటె ఆమెను కోసినది వేరొకటి. ఈద్ నాడు తన చేత్తో కలిపిన షీర్‌ఖుర్మా కప్పు అందిస్తే, చుట్టాలు ఆ చేతులవైపు చూసి కడుపు నిండిందన్నారట. నా చేతి వంట ఇక ఎవరూ తినరు అన్నదే దురద పుట్టినప్పుడల్లా ఆమెకు వచ్చే తలపు. పదికి ఎంత దురద అని అడిగినా, వారానికి ఎన్ని రాత్రులు నిద్ర లేదు అని అడిగినా ఈ తలపు ఎక్కడ దొరుకుతుంది?

అనువాదంతో పని జరుగుతుందని కొందరు అంటారు. అనువాదానికి ఒక పద్ధతి ఉన్నది. ఇద్దరు వేరువేరుగా మన భాషలోకి తేవాలి. మూలం చూడని మరొకరు దానిని తిరిగి మూలభాషలోకి మార్చాలి. రెంటినీ పోల్చి తప్పులు దిద్దాలి. తరువాత కొద్దిమంది రోగులతో చదివించి వారికేమి అర్థమైందో అడగాలి. మంచి పద్ధతే, కాదనను. అయితే తిరుగు అనువాదం తప్పిపోయిన అర్థాన్ని పట్టిస్తుంది గాని అంటుకొన్న అవమానాన్ని పట్టించదు. తీట అని తెలుగు చేస్తే తిరిగి వచ్చేది దురద అనే అర్థమే. కాగితంమీద అంతా సరిగ్గానే ఉంటుంది. ఆ మాట చదివి రోగి తల వంచుకొన్న సంగతి కాగితానికి తెలియదు.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. మన రోగులు దురదను గురించి తరచుగా అనే మాటలు తీసుకోండి. “నా ఖర్మ.” “అల్లా మర్జీ.” “ఏం చేస్తాం, అనుభవించాల్సిందే.” జర్మను ప్రశ్నావళి పద్ధతిలో ఇవి ఏ జాతికి చెందుతాయి? పైకి చూస్తే నిస్సహాయత. మార్కులు వేసేవాడు నిస్సంకోచంగా ఆ గడిలోనే వేస్తాడు. కాని సబ్ర్ అన్న మాటకు ఓర్పు అనే కాక నిలదొక్కుకోవడం అన్న అర్థమూ ఉన్నదని ఉర్దూ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అల్లా మర్జీ అని నిట్టూర్చి, వెంటనే మందు రాసుకొని, కొంగు బిగించి వంటింట్లోకి పోయే స్త్రీ నిస్సహాయురాలు కాదు; ఆ మాటే ఆమెకు ఊతకర్ర. అదే మాట అని మందు మానుకొని గోడవైపు తిరిగి పడుకొన్న స్త్రీ నిజంగా చేతులెత్తేసింది. వాక్యం ఒక్కటే, తలపులు రెండు. ఒకామెకు ఇవ్వవలసినది ధైర్యం కాదు, ఆమెకు అది ఉన్నది. రెండవ ఆమెకు ముందు దానినే ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే అంకె వేసే కొలబద్ద ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. ఖర్మ అన్న మాట విషయంలోను ఇంతే. “ఖర్మ” అన్న తరువాత రోగి ఏమి చేస్తాడో కూడా ప్రశ్నలో చేరాలి. ఈ మెలకువ మరొక దేశంలో కూర్చొని వ్రాసినవారికి తోచకపోవడం వారి తప్పు కాదు. మనకు తోచకపోతే మాత్రం తప్పు మనదే.

కారణాలను గురించిన తలపులు కూడా ఇట్టివే. వేడి చేసింది, రక్తం చెడింది, వంకాయ పడలేదు, దిష్టి తగిలింది, అంటుకొన్నది అన్నవి మన రోగి చెప్పే కారణాలు. అంటువ్యాధి కాని సోరియాసిస్ రోగి తన పళ్ళెం, తన దుప్పటి వేరుచేసుకొని బ్రతకడం, నిజంగా అంటుకొనే గజ్జి వచ్చినప్పుడు ఇల్లంతా కలిసి మందు వాడకపోవడం, ఈ రెండు విపరీతాలూ మనవద్ద సామాన్యం. దద్దుర్లున్న ఆడపిల్ల పెండ్లిచూపులనాడు చేతులనిండా గాజులూ నిండు చేతుల రవికా వేసుకొంటుంది. ఆ పిల్ల తలపులను అడగని ప్రశ్నావళి మన దేశంలో ఏమి కొలిచినట్లు?

తలపును అడగకపోవడంవల్ల కలిగే నష్టానికి తామర కంటె పెద్ద ఉదాహరణ లేదు. గత పదిపదిహేనేళ్ళుగా దేశమంతటా మొండి తామర వ్యాపించింది. మామూలు మందులకు లొంగని ఆ బూజుకు 2020లో మన దేశం పేరు కలిసేటట్లు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని నామకరణం కూడా జరిగింది; గర్వించదగిన గౌరవం కాదది. దీని వ్యాప్తికి కారణాలలో ఒకటిగా నిపుణులు చెప్పేది స్టీరాయిడు కలిసిన పూత మందుల విచ్చలవిడి వాడకం. స్టీరాయిడు దురదను త్వరగా అణచివేస్తుంది, బూజును మాత్రం లోలోపల పెంచుతుంది. దురద పోయింది కాబట్టి రోగం పోయింది అని రోగి తలుస్తాడు. ట్యూబు ఆపుతాడు, మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే ట్యూబు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్టి స్టీరాయిడు పూతలను అనేకం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూలులోకి చేర్చింది. చట్టం దుకాణాన్ని కట్టడి చేయగలదు. దురద పోతే రోగం పోయినట్లే అన్న తలపును ఏ షెడ్యూలు కట్టడి చేస్తుంది? ఆ తలపు ఎందరికి ఉన్నదో, ఏ వయస్సువారికి ఎక్కువో, ఎవరి మాటమీద మొదటి ట్యూబు కొన్నారో అడిగే ప్రశ్నలు మన ప్రశ్నావళిలో ముందువరుసలో ఉండాలి. ఎగ్జిమా రోగులను ఎదుట పెట్టుకొని వ్రాసిన జర్మను ప్రశ్నలలో వీటికి చోటు ఉండదు.

డయాలిసిస్ రోగుల మాట కూడా చెప్పాలి. వివిధ దేశాలలో వారిని పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో, దురద తమను దాదాపు ఎల్లప్పుడూ వేధిస్తున్నదన్నవారిలో 17 శాతం మంది ఆ సంగతి వైద్యసిబ్బందిలో ఎవరికీ చెప్పలేదని తేలింది. కిడ్నీ చెడిందని వచ్చినవాడు చర్మం సంగతి చెప్పడమేమిటి అన్నది ఒక తలపు. ప్రాణం నిలబెడుతున్నవారిని ఇంత చిన్న విషయానికి విసిగించడమెందుకు అన్నది మరొకటి. 2021లో అమెరికా ప్రభుత్వం ఈ దురదకే ప్రత్యేకించిన ఒక మందును అనుమతించింది. చెప్పనివానికి ఏ మందు వచ్చి ఏమి లాభం? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కూల్చిందో పత్రికలు చదివేవారందరికీ తెలుసు. అక్కడి డయాలిసిస్ మంచాల దగ్గర ఈ ప్రశ్న ఉద్దానపు తెలుగులో అడగాలి. హైదరాబాదు తెలుగులో కాదు, పాఠ్యపుస్తకాల తెలుగులో అసలే కాదు.

ఆస్పత్రిలో ఇంత తీరిక ఎవరికి ఉన్నదని ఆక్షేపణ వస్తుంది. ప్రభుత్వాసుపత్రి చర్మవిభాగం ముందు వరుస చూసినవారెవరూ ఆ ఆక్షేపణను తేలికగా కొట్టివేయలేరు. వరుసలో ఉన్న ప్రతివారిని ఇరవై ప్రశ్నలు అడగమని నేను అనడం లేదు. ఆరు వారాలు దాటినవారిని, రెండుమూడుసార్లు తిరిగి వచ్చినవారిని అడిగితే చాలు. అడిగేది డాక్టరే కానక్కరలేదు. నర్సు అడగవచ్చు, శిక్షణ పొందిన విద్యార్థి అడగవచ్చు. ఇంతకంటె బలమైన ఆక్షేపణ ఒకటి నాకే తోస్తున్నది. అంకె చేతికి వచ్చాక రోగి మాట వినడం మానేస్తారేమో అని. ముప్పైకి పన్నెండు అని వ్రాసుకొని తరువాతి రోగిని పిలిచే వైద్యునికి ప్రశ్నావళి మేలు చేయకపోగా కీడే చేస్తుంది. ఆ భయానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వినే తీరిక లేనిచోట, అంకె లేకపోయినా వినడం జరగడం లేదన్నది మాత్రం నిజం.

కొలిచే విధానంలో కూడా మనం తేల్చుకోవలసినవి ఉన్నాయి. పది సెంటీమీటర్ల అడ్డగీత గీసి, ఎడమ కొస అసలు లేదు, కుడి కొస ఊహించగల అత్యంత తీవ్రత అని చెప్పి, మధ్యలో ఎక్కడ ఉన్నావో గుర్తుపెట్టమనడం పాశ్చాత్య దేశాలలో బాగా నలిగిన పద్ధతి. ఎడమ నుంచి కుడికి చదివేవానికి అది సహజం. కుడి నుంచి ఎడమకు చదివే ఉర్దూ పాఠకునికి ఏది మొదలు, ఏది చివర? పేజీ అంతా కుడి నుంచి చదువుకొంటూ వచ్చినవాడు గీత దగ్గర తలక్రిందులుగా గుర్తుపెడితే, నిద్రలేని రోగి హాయిగా ఉన్నట్లు లెక్క తేలుతుంది. చదువు రాని పెద్దలకు గీతకంటె రూపాయి లెక్క నయమని నా అభిప్రాయం. నిండు రూపాయి దురద ఎట్లా ఉంటుందో ముందు చెప్పించి, ఈ రాత్రి దురద అందులో ఎన్ని అణాలు అంటే మా తాతలనాటివారు తడుముకోకుండా చెప్పి ఉండేవారు. 1957లో దశాంశ నాణేలు వచ్చాక అణాలు పోయినా, పదహారణాల అన్న విశేషణం ఇంకా మన నోటిలోనే ఉన్నది. ఇప్పటివారికి పావలా, అర్ధరూపాయి, ముప్పావలా చాలును. నాలుగు మెట్లు వచ్చినట్లే.

మన కళాశాలలో తెలుగు శాఖ, ఉర్దూ శాఖ ఎదురెదురు గదులలో ఉన్నాయి. పట్టణంలోని ఆస్పత్రుల చర్మవిభాగాల వారి అనుమతి తీసుకొని, రెండు శాఖల విద్యార్థులు ఒక ఏడాదిపాటు కూర్చొని, దురదను గురించి రోగులు అనే మాటలను అన్నవి అన్నట్లుగా, పేర్లు లేకుండా వ్రాసుకొంటే, ప్రశ్నావళికి కావలసిన ముడిసరుకు చేకూరుతుంది. వాటిని జల్లెడపట్టి మార్కులు కట్టే పని మనస్తత్వశాస్త్రజ్ఞులది, వైద్యులది. ముందుగా రెండు సంగతులు మనమే తేల్చాలి. ఉర్దూ ప్రతిలో గీత ఏ వైపు నుంచి మొదలుకావాలి అన్నది ఒకటి. తెలుగు ప్రతిలో దురద అని ఉంచాలా, నవ అని ఉంచాలా, జిల అని ఉంచాలా అన్నది రెండవది. ఈ రెండవదానిని నిఘంటువు చూసి తేల్చకూడదు. వరుసలో నిలబడినవారిని అడగాలి, ఏ మాట పలికినప్పుడు వారు తల దించుకోరో చూసి అది వ్రాసుకోవాలి.